ఇంటి ఈత కొలను: నీటిని వేడిచేసే పద్ధతులు

పెరట్లోని ఈత కొలను నీటిని, ఎండ ఒక్కటే ఇవ్వగల వెచ్చదనం కంటే ఎక్కువ ఉష్ణోగ్రతలో నిలిపి ఉంచే పరికరాలనూ ఏర్పాట్లనూ కలిపి కొలను తాపన వ్యవస్థ అంటారు. వాడుకలో దీని పేరు పూల్ హీటింగ్. ప్రధాన సాధనాలు మూడు: గ్యాస్ హీటర్, హీట్ పంప్, సోలార్ ప్యానెళ్లు. నీటిపై పరిచే కవరు వేడిని పుట్టించదు కాబట్టి దాన్ని హీటర్ల జాబితాలో చేర్చరు. ఖర్చును ఎక్కువగా శాసించేది మాత్రం అదే (చూడండి: కవర్లు).

ఇంటి వెనక సొంత కొలను ఉండటం అమెరికాలో, ముఖ్యంగా ఫ్లోరిడా, కాలిఫోర్నియా, టెక్సస్, ఆరిజోనా రాష్ట్రాల్లో మామూలు విషయం. అందువల్ల ఈ వ్యాసం ప్రధానంగా అక్కడి పరిస్థితుల మీద ఆధారపడింది. డాలస్ శివార్లలో కొలనున్న ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు మొదటి శీతకాలంలోనే ఎదురయ్యే ప్రశ్న, కొలనును ఎలా వేడిచేయాలన్నది. తెలుగు రాష్ట్రాల సంగతి చివరి విభాగంలో ఉంది. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీల్లోనూ, వేడి, విద్యుత్తు రెండూ యూనిట్లలోనూ ఇచ్చాం. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్.

ఎంత వెచ్చదనం కావాలి

ఈత పోటీల కొలనుల్లో నీరు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. వేగంగా ఈదేవారి ఒంట్లోనే వేడి పుడుతుంది కనుక వారికి అంతకు మించి అక్కర్లేదు. ఇళ్లలోని కొలనులను కూడా సాధారణంగా ఈ పరిధిలోనే ఉంచుతారు. చిన్నపిల్లలకు, వృద్ధులకు, కీళ్లనొప్పులున్నవారికి మరో రెండు మూడు డిగ్రీలు ఎక్కువ కావాలి. కొలనుకు ఆనుకుని కట్టే స్పా తొట్టె విషయం వేరు. అందులో నీరు 40 డిగ్రీలు దాటకూడదని అమెరికా భద్రతా ప్రమాణాలు చెబుతాయి.

థర్మోస్టాట్‌ను ఒక్క ఫారన్‌హీట్ డిగ్రీ, అంటే అర డిగ్రీ సెల్సియస్ కంటే కాస్త ఎక్కువ పెంచితే తాపన ఖర్చు 10 నుంచి 30 శాతం పెరుగుతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. వెచ్చని ప్రాంతాల్లో ఈ శాతం ఎక్కువగా ఉంటుంది. అక్కడ అసలు ఖర్చే తక్కువ కావడంతో చిన్న పెంపు కూడా శాతంలో పెద్దగా కనిపిస్తుంది.

వేడి లెక్క

వెయ్యి లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.16 యూనిట్ల వేడి కావాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ సంఖ్య మారదు. ఆ వేడిని ఎంత ఖర్చుతో, ఎంత వేగంతో తెస్తామన్నదే మారుతుంది.

ఉదాహరణకు 32 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, సగటున 5 అడుగుల లోతు ఉన్న కొలనులో దాదాపు 72,500 లీటర్ల నీరు పడుతుంది. దాన్ని 21 డిగ్రీల నుంచి 27 డిగ్రీలకు తేవడానికి సుమారు 505 యూనిట్ల వేడి కావాలి. ఈ వ్యాసంలోని లెక్కలన్నిటికీ ఈ కొలనునే ఆధారంగా తీసుకున్నాం. దారిలో జరిగే నష్టాలను మాత్రం ఈ అంకెలో కలపలేదు.

అమెరికాలో హీటర్ల సామర్థ్యాన్ని గంటకు ఇన్ని బీటీయూలు అని చెబుతారు. 3,412 బీటీయూలు ఒక యూనిట్‌కు సమానం. గ్యాసు బిల్లులో కనిపించే థర్మ్ అంటే లక్ష బీటీయూలు, అంటే 29.3 యూనిట్లు.

వేడి ఎలా పోతుంది

ఆరుబయట కొలను కోల్పోయే వేడిలో దాదాపు 70 శాతం నీరు ఆవిరి కావడం వల్లనే పోతుందని ఇంధన శాఖ లెక్క. 20 శాతం వికిరణంగా ఆకాశంలోకి పోతుంది. మిగిలిన 10 శాతంలో నేలలోకి ఇంకేదీ, ఇతర మార్గాల్లో పోయేదీ ఉంటాయి. పొడి నేల వేడిని అంత తొందరగా లాక్కోదు. అందువల్ల తవ్వి కట్టిన కొలను గోడలకు ఇన్సులేషన్ పెట్టినా కలిసొచ్చేది తక్కువ. నేలపై నిలబెట్టే తొట్టి కొలనులు మాత్రం పక్కల నుంచి కూడా చల్లబడతాయి.

ఆవిరి వాటా అంత ఎక్కువగా ఉండటానికి కారణం గుప్తోష్ణం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి కావలసిన వేడికి దాదాపు 580 రెట్లు, అదే లీటరు ఆవిరై పోతూ పట్టుకుపోతుంది. పైన చెప్పిన కొలను ఉపరితలం సుమారు 48 చదరపు మీటర్లు. రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే దాదాపు 240 లీటర్లు తగ్గుతుంది. దాంతోపాటు 160 యూనిట్ల వేడి పోతుంది. ఎండ ఎదురివ్వకపోతే ఈ ఒక్క నష్టంతోనే కొలను దాదాపు రెండు డిగ్రీలు చల్లబడుతుంది.

గాలి వేగం, గాలిలో తేమ, నీటికీ గాలికీ మధ్య ఉష్ణోగ్రతా భేదం ఆవిరిని నిర్ణయిస్తాయి. నీటి మీదుగా గంటకు 11 కిలోమీటర్ల గాలి వీచినా తాపన ఖర్చు 300 శాతం దాకా పెరగవచ్చని ఇంధన శాఖ హెచ్చరిస్తుంది. కొలను చుట్టూ గుబురు మొక్కలో కంచెగోడో ఉంటే ప్రయోజనం అందుకే. అయితే అవి నీటిపై నీడ పడేంత ఎత్తు ఉండకూడదు. నీటిపై పడే ఎండలో 75 నుంచి 85 శాతాన్ని కొలను తనే పీల్చుకుంటుంది. చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్ల ఎండ పడే చోట మన ఉదాహరణ కొలనుకు 190 యూనిట్ల దాకా ఉచితంగా వచ్చినట్టే.

చరిత్ర

సింధు నాగరికత నాటి మొహెంజొదారో మహాస్నానవాటిక పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు. ఇటుకల మధ్య నీరు ఊరకుండా తారు పూత వేసిన నిర్మాణం అది. అందులో నీటిని వేడిచేసినట్టు ఆధారాలు లేవు. కొలనును వేడిచేయడం గురించిన తొలి లిఖిత ప్రస్తావనల్లో ఒకటి రోము నగరానికి చెందినది. చక్రవర్తి ఆగస్టస్ సలహాదారు, కవుల పోషకుడు అయిన మెసీనస్ ఆ నగరంలో మొదటి వేడినీటి ఈత కొలను కట్టించాడని చరిత్రకారుడు డియో కాసియస్ రాశాడు. రోమన్ స్నానశాలల్లో నేల అడుగున బోలుగా వదిలి, కొలిమి వేడిగాలిని అందులోంచి పారించేవారు.

ఇవాళ్టి మూడు పద్ధతుల్లో ఒకటైన హీట్ పంప్ వెనుక ఉన్న సిద్ధాంతం పాతదే. విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, 1852లో ఆ ఆలోచనను ప్రతిపాదించాడు. ఆస్ట్రియాలో పీటర్ వాన్ రిటింగర్ 1850ల మధ్యలో ఉప్పు తయారీ కోసం అలాంటి యంత్రాన్ని నిర్మించాడు. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నగర పాలక భవనంలో 1938లో నదీజలం నుంచి వేడి తీసుకునే హీట్ పంప్ పెట్టారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, 1941లో, అదే నగరంలోని ఇండోర్ ఈత కొలనుకు కూడా హీట్ పంప్ వచ్చింది.

సౌరమార్గంలో క్లారెన్స్ కెంప్ 1891లో అమెరికాలో నీళ్ల హీటరుకు పేటెంటు పొందాడు. అది స్నానపు నీళ్ల కోసం. కొలనులకు చవకైన ప్లాస్టిక్ ప్యానెళ్లు కాలిఫోర్నియాలో 1969లో మొదలైన ఫాఫ్కో వంటి సంస్థలతో వాడుకలోకి వచ్చాయి. 1973 చమురు సంక్షోభం వాటి గిరాకీని పెంచింది. విస్తీర్ణం రీత్యా చూస్తే అమెరికాలో అమర్చిన సౌర ఉష్ణ ఫలకాల్లో అత్యధిక భాగం ఈత కొలనులవే. ఫెడరల్ ప్రభుత్వం సౌర పరికరాలకు పన్ను రాయితీ ఇచ్చినప్పుడు మాత్రం ఈత కొలనులను దాని పరిధిలోంచి తప్పించింది. విలాసానికి రాయితీ ఎందుకన్న వాదన అర్థమయ్యేదే.

గ్యాస్ హీటర్

సహజవాయువు లేదా ప్రొపేన్ మండించి, ఆ మంట వేడిని రాగి లేదా రాగి-నికెల్ గొట్టాల ద్వారా నీటికి అందించే యంత్రం ఇది. ఫిల్టరు నుంచి వచ్చే నీరు ఈ గొట్టాల్లోంచి పారి తిరిగి కొలనులో పడుతుంది. ఇంట్లో వాడే పెద్ద హీటరు గంటకు 4 లక్షల బీటీయూల గ్యాసు మండిస్తుంది. 2013 నుంచి అమెరికాలో గ్యాస్ పూల్ హీటర్లకు కనీస దక్షత 82 శాతం. పొగలోని ఆవిరిని చల్లార్చి ఆ వేడినీ రాబట్టే కండెన్సింగ్ రకాలు 95 శాతం దాకా చేరతాయి.

వేగమే దీని బలం. ఉదాహరణ కొలనును 6 డిగ్రీలు పెంచడానికి ఐదుంపావు గంటలు చాలు. 2,000 లీటర్ల స్పాను 27 నుంచి 39 డిగ్రీలకు తేవడం పావుగంట పైచిలుకు పని. మంచు కురుస్తున్నా ఇది పనిచేస్తుంది. కొనుగోలు ధర మూడింటిలో తక్కువగా ఉంటుంది. నడిపే ఖర్చు సాధారణంగా ఎక్కువ. ఆ 6 డిగ్రీలకు దాదాపు 21 థర్మ్‌ల గ్యాసు కాలుతుంది. గ్యాసు లైను లేని ఊళ్లలో ప్రొపేన్ ట్యాంకు పెట్టుకోవాలి. వంటకూ ఇంటి తాపనకూ వేసిన సన్నని గ్యాసు పైపు ఈ హీటరుకు సరిపోక, మీటరు నుంచి కొత్త లైను లాగాల్సి రావడం కూడా తరచుగా జరుగుతుంది. హీటరు కొనేటప్పుడు ఈ ఖర్చును చాలామంది లెక్కలోకి తీసుకోరు.

హీట్ పంప్

హీట్ పంప్ వేడిని తయారుచేయదు, గాలిలోంచి నీటిలోకి చేరవేస్తుంది. ఇంట్లోని ఏసీ గదిలోని వేడిని తీసి బయట పారబోసినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని తీసి కొలనులో పోస్తుంది. ఫ్యాను లాగిన గాలికి ఎవాపరేటరు గొట్టపుచుట్టలోని రిఫ్రిజిరెంట్ ఆవిరవుతుంది. కంప్రెసర్ దాన్ని అదిమి వేడెక్కిస్తుంది. కండెన్సరులో అది తన వేడిని నీటికి ఇచ్చి మళ్లీ ద్రవమవుతుంది. క్లోరిన్ నీటిని తట్టుకునేందుకు ఆ భాగాన్ని టైటానియంతో చేస్తారు.

ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడి అందుతుందో చెప్పే సంఖ్య సీఓపీ. పూల్ హీట్ పంపుల్లో ఇది 3 నుంచి 7 దాకా ఉంటుంది. సీఓపీ 5 అయితే ఉదాహరణ కొలనును 6 డిగ్రీలు పెంచడానికి సుమారు 100 యూనిట్ల కరెంటు చాలు. అదే పనికి విద్యుత్ కాయిల్ 505 యూనిట్లు తింటుంది. కంపెనీలు ప్రకటించే సీఓపీ, సామర్థ్యం వెచ్చని, తేమ గాలిలో కొలిచినవి. గాలి చల్లబడే కొద్దీ రెండూ పడిపోతాయి. సుమారు 10 డిగ్రీల కింద చాలా యంత్రాలు సరిగా పనిచేయవు. అందుకే ఇవి ఫ్లోరిడాలో విస్తృతంగా కనిపిస్తాయి. ఉత్తరాది రాష్ట్రాల్లో వేసవి కాలానికి అటూ ఇటూ మాత్రమే ఉపయోగపడతాయి.

దీని బలహీనత నిదానం. గంటకు 30 యూనిట్ల వేడి ఇచ్చే పంపు ఆ 6 డిగ్రీలకు 17 గంటలు నడవాలి. స్పా వేడెక్కడానికి దాదాపు గంట పడుతుంది. అందువల్ల దీన్ని రోజూ కొద్దికొద్దిగా నడుపుతూ ఉష్ణోగ్రతను నిలబెట్టడానికి వాడతారు. 240 వోల్టుల ప్రత్యేక సర్క్యూట్, చుట్టూ గాలి ఆడేంత ఖాళీ స్థలం అవసరం. తిప్పి నడిపితే వేసవిలో నీటిని చల్లబరిచే రకాలు కూడా ఉన్నాయి.

సోలార్ ప్యానెళ్లు

కొలనుకు వాడే సోలార్ ప్యానెల్‌కు సాధారణంగా అద్దం ఉండదు. ఎండకు పాడవకుండా శుద్ధి చేసిన నల్లని పాలీప్రొపిలీన్ గొట్టాల చాప అది. కరెంటు పుట్టించే సోలార్ ఫలకాలతో దీన్ని పొరబడకూడదు. కొలను పంపు నీటిని ఇంటి కప్పు మీదికి తోస్తుంది. గొట్టాల్లోంచి పారి వేడెక్కిన నీరు కిందికి దిగుతుంది. కప్పు మీద ఒకటి, నీటిలో ఒకటి సెన్సర్లు పెట్టి, కప్పు వెచ్చగా ఉన్నప్పుడే వాల్వు తిరిగేలా కంట్రోలరు చూసుకుంటుంది.

ప్యానెళ్ల వైశాల్యం కొలను ఉపరితలంలో 50 నుంచి 100 శాతం ఉండాలి. ఉదాహరణ కొలనుకు 4 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న ప్యానెళ్లు 6 నుంచి 11 దాకా పడతాయి. ఉత్తరార్ధగోళంలో వాటి ముఖం దక్షిణానికి ఉండాలి. అది కుదరకపోతే పడమర మేలు. వేసవికే అయితే వాలు ఆ ప్రాంతపు అక్షాంశం కంటే 10 నుంచి 15 డిగ్రీలు తక్కువ, ఏడాది పొడవునా అయితే అక్షాంశంతో సమానం.

కొత్తగా పెట్టించుకున్నవారు తిరిగొచ్చే నీటిలో చెయ్యి పెట్టి, గోరువెచ్చగా కూడా లేదని నిరాశపడుతుంటారు. నిజానికి అది మంచి లక్షణం. నీరు వేగంగా పారి, కేవలం రెండు మూడు డిగ్రీలే పెరిగి వస్తే ప్యానెల్ చల్లగా ఉంటుంది, గాలికి పోయే వేడి తగ్గుతుంది, రోజు మొత్తంలో కొలనుకు చేరే వేడి పెరుగుతుంది. నీరు మరిగి వచ్చే ప్యానెల్ దక్షతలో తక్కువ.

అద్దం, రాగి గొట్టాలు ఉన్న ప్యానెళ్లు చలి ప్రాంతాల్లో బాగా పనిచేస్తాయి, కాని ఖరీదెక్కువ. గడ్డకట్టే చలి వచ్చే చోట ఏ రకమైనా పంపు ఆగగానే నీరు ఖాళీ అయ్యే ఏర్పాటు ఉండాలి. ఇంధనం ఖర్చు లేకపోవడం, 10 నుంచి 20 ఏళ్ల మన్నిక సోలార్‌కు అనుకూలం. పెట్టుబడి 1 నుంచి 7 ఏళ్లలో తిరిగి వస్తుందని ఇంధన శాఖ అంచనా. మబ్బు పట్టిన వారంలో చేసేదేమీ ఉండదు. చాలామంది సోలార్‌తో మొదలుపెట్టి గ్యాస్ హీటరును సాయంగా ఉంచుకుంటారు.

కవర్లు

ఆవిరిని ఆపితే నష్టాల్లో పెద్ద భాగం ఆగుతుంది. కవరు తాపన ఖర్చులో 50 నుంచి 70 శాతం మిగులుస్తుందని ఇంధన శాఖ చెబుతుంది. కొత్తగా పోయాల్సిన నీరు 30 నుంచి 50 శాతం, రసాయనాలు 35 నుంచి 60 శాతం తగ్గుతాయి.

గాలి బుడగలున్న ప్లాస్టిక్ షీటు అన్నిటికంటే చవక. అది పారదర్శకమైతే ఎండను 5 నుంచి 15 శాతం మాత్రమే అడ్డుకుంటుంది. గట్టి రంగు కవర్లు 20 నుంచి 40 శాతం అడ్డుకుంటాయి. కాబట్టి రెండోరకాన్ని రాత్రిపూటే కప్పడం మేలు. పట్టాలపై మోటారుతో జరిగే కవర్లకు ఖర్చు చాలా ఎక్కువైనా, వాటిని నిజంగా రోజూ వాడతారు. బుడగల షీటును మడిచి పక్కన పడేసి మళ్లీ తియ్యని ఇళ్లు తక్కువేమీ కావు. నీటిపై కంటికి కనిపించని పొరగా పరుచుకునే ద్రవరూప కవర్లూ ఉన్నాయి. గాలి ఎక్కువైతే ఆ పొర చెదిరిపోతుంది.

బుడగల షీటు పిల్లలకు రక్షణ కాదు. దాని మీద అడుగుపెట్టిన పిల్లవాడు షీటుతో సహా నీటిలోకి జారి, పైనుంచి కనిపించకుండా పోతాడు. భద్రతా ప్రమాణానికి సరితూగే కవర్లు వేరుగా ఉంటాయి.

నీటి రసాయనం, అమరిక

పంపు, ఫిల్టరు, సోలార్ వాల్వు, హీటరు, చివరన క్లోరిన్ పరికరం. పైపులైనులో వరుస ఇలాగే ఉండాలి. క్లోరిన్ బిళ్లలను హీటరుకు ముందు పెడితే గాఢమైన ఆమ్లపు నీరు రాగి గొట్టాలను తినేస్తుంది. అలా కరిగిన రాగి కొలను గోడలపై మరకలు వేస్తుంది. లేతరంగు జుట్టుకు పచ్చని ఛాయ కూడా దానివల్లనే వస్తుంది, నింద మాత్రం క్లోరిన్‌పై పడుతుంది.

పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంచాలి. కాల్షియం ఎక్కువున్న కఠినజలం వేడెక్కినప్పుడు గొట్టాల లోపల సున్నపు పొర కడుతుంది. ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు. నీరు వెచ్చబడితే నాచు వేగంగా పెరుగుతుంది కాబట్టి క్లోరిన్ వాడకమూ పెరుగుతుంది.

నియమాలు

కాలిఫోర్నియా భవన ఇంధన నియమావళి టైటిల్ 24 ప్రకారం గ్యాస్ హీటరు లేదా హీట్ పంప్ ఉన్న ఆరుబయట కొలనుకు కవరు తప్పనిసరి. నిరంతరం వెలిగే పైలట్ మంటను నిషేధించారు. తర్వాత ఎప్పుడైనా సోలార్ కలుపుకునేందుకు వీలుగా ఫిల్టరుకూ హీటరుకూ మధ్య 36 అంగుళాల పైపు వదలాలన్న నిబంధన కూడా ఉంది. గ్యాస్ హీటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. కిటికీలకు దూరం, పొగగొట్టం ఏర్పాటు స్థానిక నియమాల ప్రకారం ఉండాలి.

ఎంపిక

ముందు తేల్చుకోవలసింది కొలనును ఎలా వాడతారన్నది. వారాంతాల్లోనో, చుట్టాలు వచ్చినప్పుడో మాత్రమే దిగేవారికి, స్పా ఉన్నవారికి గ్యాస్ హీటరు సరిపోతుంది. మిగతా రోజుల్లో దాన్ని ఆపేయవచ్చు. రోజూ ఈదేవారికి, గాలి 10 డిగ్రీల పైనే ఉండే నెలల్లో హీట్ పంప్ మేలు. దక్షిణానికి నీడలేని కప్పు ఉన్న ఇంటికి సోలార్ అన్నిటికంటే చవకగా పడుతుంది.

గ్యాసా, హీట్ పంపా అన్న సందేహానికి ఇంటి బిల్లులే జవాబిస్తాయి. ఒక థర్మ్ గ్యాసు ధరను ఒక యూనిట్ కరెంటు ధరతో భాగించాలి. భాగఫలం 5 కంటే ఎక్కువైతే సీఓపీ 5 ఉన్న హీట్ పంప్ నడపడం చవక, తక్కువైతే గ్యాసు చవక. గాలి చల్లబడి సీఓపీ 3కి పడిపోయే నెలల్లో ఈ హద్దు 8 దాకా పోతుంది. ప్రొపేన్ గాలన్‌కు సుమారు 91,500 బీటీయూలు ఇస్తుంది కనుక దాని ధరను కూడా దాదాపు ఇలాగే పోల్చవచ్చు.

ఏది కొన్నా కవరు లేకుండా కొనడం డబ్బు దండగ.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్ విల్లాల్లో, గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌసుల్లో, అపార్ట్‌మెంట్ల పైకప్పుల మీద కొలనులు ఇప్పుడు కొత్త కాదు. డిసెంబరు, జనవరిల్లో రాత్రి ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, కొన్ని రోజులు 10 లోపుకు దిగుతుంది. ఆ రెండు మూడు నెలలకే హీటరు అవసరం. పగలు గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి హీట్ పంపును పగటిపూట నడపడం లాభం. శీతకాలపు ఎండ కూడా నిలకడగా ఉంటుంది. నగరం 17 డిగ్రీల అక్షాంశంలో ఉంది. శీతకాలం కోసమే అయితే ప్యానెళ్లను దక్షిణ ముఖంగా 27 నుంచి 32 డిగ్రీల వాలులో, చదునైన స్లాబు మీద ఇనుప ఫ్రేము కట్టి పెట్టాలి. పైఅంతస్తు కొలనులకు గాలి తాకిడి ఎక్కువ, అంటే ఆవిరీ ఎక్కువే. కఠినత్వం ఎక్కువున్న బోరు నీళ్లు పోసే చోట సున్నపు పొరపై కన్నేసి ఉంచాలి.

వేసవిలో సమస్య తిరగబడుతుంది. మే నెల ఎండకు కొలను నీరు ఈతకు హాయిగా ఉండదు. అప్పుడు అవే సోలార్ ప్యానెళ్లలోంచి రాత్రిపూట నీటిని పారిస్తే వేడి ఆకాశంలోకి పోతుంది. ఆరిజోనాలో ఈ పద్ధతి వాడుకలో ఉంది.

గ్యాసు విషయానికొస్తే, 14.2 కిలోల గృహ వినియోగ సిలిండరు వంట కోసం ఇచ్చేది, కొలనుకు వాణిజ్య సిలిండరే వాడాలి. 19 కిలోల ఆ సిలిండరు 82 శాతం దక్షత గల హీటరులో నీటికి అందించేది సుమారు 200 యూనిట్ల వేడి. సీఓపీ 5 ఉన్న హీట్ పంప్ అంతే వేడిని 40 యూనిట్ల కరెంటుతో అందిస్తుంది.